ఒకే పాట, మూడు గొంతులు: కవర్ వెర్షన్ల మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ రామ్‌నగర్‌లో కీబోర్డు, పాట నేర్పుతాను. ఆఫీసు ఫంక్షన్లలో పాడాలని వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో ఏటా ఒకరిద్దరు ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అనే ఇంగ్లీషు పాట పట్టుకొస్తారు. ఒకరి పాటని ఇంకొకరు పాడితే దాన్ని కవర్ అంటారు, ఈ పాటకి అలాంటివి చాలానే ఉన్నాయి. పాట కన్నా ముందు వాదన మొదలవుతుంది, ఎవరి వెర్షన్ గొప్పదని.

అపోహ: అది అమెరికన్ గాయని విట్నీ హ్యూస్టన్ పాట.
రాసిందీ, మొదట పాడిందీ డాలీ పార్టన్. 1974లో వచ్చిన కంట్రీ పాట, అంటే అమెరికా పల్లె బాణీ. తన టీవీ షోలో అవకాశమిచ్చిన పోర్టర్ వ్యాగనర్ దగ్గర పని మానేస్తూ ఆయన కోసం రాసింది. ప్రేమికుడి మాటే లేదు, గురువులాంటి మనిషికి చెప్పిన వీడ్కోలు. ఈ సంగతి చెప్పగానే మావాళ్ళు అరవడం కాస్త తగ్గిస్తారు. విట్నీ పాడింది 1992లో, ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం. అమెరికాలో 14 వారాలు బిల్‌బోర్డ్ హాట్ 100 అనే పాటల ర్యాంకుల జాబితాలో మొదటి స్థానంలో ఉంది.

అపోహ: ఎవరు ఎక్కువ పైకి పాడితే వాళ్ళదే మంచి వెర్షన్.
పోల్చాలంటే పాట మొత్తం వద్దు, చివరి చరణం ఒక్కటి తీసుకోండి. నీ జీవితం చల్లగా సాగాలి అని కోరుకునే చోటు. డాలీ అక్కడ పాడదు, ఎదురుగా కూర్చుని చెప్పినట్టు మాటల్లో చెబుతుంది. 1975లో ఇదే పాట పాడిన ఇంకో అమెరికన్ గాయని లిండా రాన్‌స్టాట్ ఆ చరణాన్నే వదిలేసింది. విట్నీ పాటకి నిర్మాత డేవిడ్ ఫాస్టర్. ఆయన ముందు పెట్టుకున్నది లిండా వెర్షన్‌నే. ఇంకో చరణం ఉందని డాలీయే ఆయనకి చెప్పిందట! అలా విట్నీ గొంతులోకి ఆ చరణం వచ్చింది, శాక్సోఫోన్ తర్వాత, మెత్తగా. అది అయ్యాక వాద్యాలన్నీ ఆగుతాయి. డ్రమ్ మీద ఒక్క దెబ్బ. అక్కడ కీ, అంటే పాట శ్రుతి, ‘ఎ’ నుంచి ‘బి’కి వెళ్తుంది, మన లెక్కలో ఆరు శ్రుతి నుంచి ఏడు శ్రుతికి. అంత మెత్తగా పాడి, ఆ క్షణం ఆగారు కాబట్టే ఆ స్వరం అంత ఎత్తుగా వినిపిస్తుంది. పాట మొదట్లో కూడా 40 సెకన్ల దాకా వాద్యమే లేదు. మొదటి లైన్ నుంచే గొంతు చించుకుంటే ఇక ఎక్కడానికి మెట్టెక్కడ మిగిలింది?

అపోహ: అచ్చం ఒరిజినల్‌లా పాడితేనే కవర్.
త్యాగరాయ గానసభలో సినీ విభావరికి వచ్చే శ్రోతలు ట్రాక్‌లో ఉన్న విరుపు ఉన్నట్టు దిగాలంటారు. అక్కడ అది న్యాయమే. కానీ కీర్తనలో ఒక్క పల్లవిని సంగతి మీద సంగతి వేసి, అంటే ప్రతిసారీ కొత్తగా మలిచి పెంచితే ఆనందించే చెవులు మనవి. విట్నీ ‘యూ’ అనే ఒక్క మాట మీద చేసింది దాదాపు ఆ పనే.

అపోహ: కీ దించితే పాట చచ్చిపోతుంది.
చావదు. మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఫంక్షన్‌కి పాడే అమ్మాయి కోసం మూడు మెట్లు (కీబోర్డు మీద తెలుపూ నలుపూ కలిపి ఒక్కో మీట ఒక్కో మెట్టు) దించాను, హాయిగా పాడింది. కీ మారే చోట రెండు మెట్లు ఎక్కించాల్సింది పోయి నేను టెన్షన్‌లో ట్రాన్స్‌పోజ్ బటన్ (నొక్కిన ప్రతిసారీ శ్రుతి ఒక మెట్టు మారుస్తుంది) ఒక్కసారే నొక్కాను. హాల్లో సరిగ్గా ఉన్నది ఆ అమ్మాయి ఒక్కతే. జనం మాత్రం ఆమె తప్పిందనుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదు, మధ్యలో ఎక్కే ఆ రెండు మెట్లు మాత్రం తగ్గకూడదు.

అపోహ: కవర్ హిట్టయితే మొదట పాడినవాళ్ళకి డబ్బొస్తుంది.
పాడినందుకు రాదు. పాట రాసినవాళ్ళకీ, పబ్లిషింగ్ హక్కులున్నవాళ్ళకీ వస్తుంది. ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడాలనుకున్నాడు. ఆయన మేనేజర్ పబ్లిషింగ్ హక్కుల్లో సగం వాటా అడిగితే డాలీ ఇవ్వనంది. ఎల్విస్ రికార్డు అలా ఆగిపోయింది. క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక, ఆ మాటల చరణాన్ని ఒక్కోసారి కింది స్థాయిలో వాయించుకుంటాను, ఎల్విస్ గొంతులో ఎలా ఉండేదోనని.