పాటల పంపకంపై పాతికేళ్ల వ్యాజ్యాలు

ఇంటర్నెట్‌లో పాటల ఫైళ్ల పంపకంపై అమెరికా కోర్టుల్లో నడిచిన వ్యాజ్యాలకు పునాది, 1984లో ఆ దేశ సుప్రీంకోర్టు వీడియో రికార్డర్ల విషయంలో ఇచ్చిన తీర్పులో ఉంది. చట్టబద్ధమైన అవసరాలకు చెప్పుకోదగినంతగా పనికివచ్చే యంత్రాన్ని కొందరు దుర్వినియోగం చేసినంత మాత్రాన, దాన్ని అమ్మిన సోనీ కంపెనీని కాపీరైటు ఉల్లంఘనకు బాధ్యురాలిని చేయలేమని ఆ కోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. తర్వాత వచ్చిన ఫైల్ షేరింగ్ సంస్థలు ఈ తీర్పునే తమకు కవచంగా చూపించుకున్నాయి.

1999లో మొదలైన నాప్‌స్టర్ అనే పాటల పంపక సేవను ఆ కవచం కాపాడలేదు. పాటలు వాడకందారుల కంప్యూటర్లలోనే ఉన్నా, ఏ పాట ఎవరి దగ్గర ఉందో చెప్పే సూచిక సంస్థ సర్వర్లలో ఉండేది. రికార్డింగ్ కంపెనీలు ఆ ఏడాది డిసెంబరులోనే దావా వేశాయి. ఉల్లంఘన గురించి తెలిసి, ఆపే వీలు చేతిలో ఉండి కూడా ఊరుకుంటే బాధ్యత తప్పదని 2001 ఫిబ్రవరిలో అప్పీళ్ల కోర్టు చెప్పింది. జూలైలో సేవ ఆగిపోయింది.

ఆ తీర్పును శ్రద్ధగా చదివినవారిలా తర్వాతి సంస్థలు కేంద్ర సూచికే లేని సాఫ్ట్‌వేర్ తయారుచేశాయి. సూచిక తమ చేతిలో లేదు కాబట్టి ఉల్లంఘనకు తాము బాధ్యులం కామన్న గ్రోక్‌స్టర్, మార్ఫియస్‌ల వాదనను రెండు కింది కోర్టులు అంగీకరించాయి కూడా. అయితే 2005 జూన్ 27న సుప్రీంకోర్టు సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని వదిలి సంస్థల ఉద్దేశాన్ని పరిశీలించింది. నాప్‌స్టర్ వాడకందారులను తమవైపు తిప్పుకోవాలన్న ప్రయత్నాలు, ఉల్లంఘనను తగ్గించే ఫిల్టర్ల ఊసే లేకపోవడం, వాడకం పెరిగేకొద్దీ పెరిగే ప్రకటనల ఆదాయం, వీటన్నిటినీ కలిపి చూసి, ఉల్లంఘనకు పురికొల్పినవారు బాధ్యులేనని ఏకగ్రీవంగా చెప్పింది. ఇదే సూత్రంపై 2010లో ఓడిన మరో ఫైల్ షేరింగ్ సంస్థ లైమ్‌వైర్, మరుసటి ఏడాది 10.5 కోట్ల డాలర్లకు రాజీపడింది.

సంస్థలతో పోరాటం సాగుతుండగానే కంపెనీలు మామూలు మనుషులపైకి మళ్లాయి. 2003 సెప్టెంబరులో ఒకేసారి 261 మందిపై దావాలు పడ్డాయి. వారిలో 12 ఏళ్ల బాలిక కూడా ఉంది. ఈ చరిత్ర మొత్తంలో న్యాయం కొలత తప్పింది ఇక్కడేనని నా నమ్మకం. ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల వరకు, ఉద్దేశపూర్వక ఉల్లంఘనైతే 1,50,000 డాలర్ల వరకు పరిహారం విధించే చట్ట నిబంధనను, నకిలీలు అమ్మి లాభం గడించే వ్యాపారికీ, సొంత కంప్యూటర్‌లో పాటలు ఉంచుకున్న వ్యక్తికీ ఒకే తీరున వర్తింపజేశారు.

మిన్నెసోటా రాష్ట్రంలో ఒక మహిళపై నడిచిన కేసు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. వివాదంలో ఉన్నవి 24 పాటలు. 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు విధించింది. షేరింగ్ ఫోల్డరులో పాటలు అందుబాటులో ఉంచడమే, వాటిని ఎవరైనా తీసుకున్నట్టు రుజువు లేకపోయినా, పంపిణీ అవుతుందని జ్యూరీకి తాను చెప్పడం పొరపాటని గుర్తించిన న్యాయమూర్తి, 2008లో ఆ తీర్పును రద్దు చేసి, చట్టాన్ని సవరించాలని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌ను అర్థించారు. 2009లో రెండో జ్యూరీ 19.2 లక్షల డాలర్లు, 2010లో మూడో జ్యూరీ 15 లక్షల డాలర్లు విధించాయి. రెండుసార్లూ న్యాయమూర్తి ఆ మొత్తాన్ని 54,000 డాలర్లకు తగ్గించారు. చివరికి 2012లో అప్పీళ్ల కోర్టు మొదటి 2,22,000 డాలర్లనే ఖాయం చేసింది.

వ్యక్తులపై మూకుమ్మడి దావాలు మానుకుంటున్నట్టు 2008 డిసెంబరులోనే వెల్లడించిన పరిశ్రమ, క్రమంగా ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే సంస్థలపై దృష్టి పెట్టింది. 2019లో వర్జీనియా జ్యూరీ, వాడకందారులు కాపీరైటు ఉల్లంఘించిన 10,017 కృతుల విషయంలో, వారికి కనెక్షన్లిచ్చిన కాక్స్ అనే సంస్థకు 100 కోట్ల డాలర్లు విధించింది. 2024లో అప్పీళ్ల కోర్టు ఆ మొత్తాన్ని కొట్టివేసింది గానీ, కృతికి ఇంత అని లెక్కగట్టే నిబంధన మాత్రం చట్టంలో అలాగే ఉంది.