బుగ్గ మీద రెండు గాట్లు

ప్రియమైన పిల్లలకు,

పోలండ్‌లోని చెంస్టొహోవా మరియమాత పటాన్ని చూసి మీరు గీసిన బొమ్మ అందింది. చక్కగా ఉంది. కానీ అమ్మ బుగ్గ మీది గీతలు వదిలేశారే! అచ్చుతప్పు అనుకున్నారేమో. కాదు, ఆ గీతలకు ఆరు వందల ఏళ్ల కథ ఉంది.

ఆ పటం ఉన్న గుడి ఒక కొండ మీద ఉంది. ఆ కొండను యాస్నా గూరా అంటారు, అంటే వెలుగు కొండ. 1382లో హంగరీ నుంచి వచ్చిన పౌలిన్ అనే క్రైస్తవ సన్యాసులు అక్కడ మఠం పెట్టుకున్నారు. రెండేళ్లకు ఈ పటం అక్కడికి చేరింది. తిరుకుటుంబం, అంటే యేసు, మరియ, యోసేపు, భోజనం చేసిన బల్ల చెక్క మీద సువార్త రాసిన పునీత లూకా దీన్ని గీశాడని భక్తులు చెప్పుకుంటారు. అది చరిత్ర కాదు, నమ్మకం. చెక్క ఎత్తు 122 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మన చిన్నవాడంత. ముఖం నల్లన, ముసుగు మీద బంగారు పూలు. తల్లి కుడి చేయి గమనించండి, “నన్ను కాదు, వీణ్ణి చూడండి” అన్నట్టు బాలయేసు వైపు తిరిగి ఉంటుంది.

1430లో దొంగలు గుడి మీద పడ్డారు. పటానికి ఉన్న నగలు ఒలుచుకుని, ముఖాన కత్తితో గాట్లు పెట్టి, చెక్కను విరగ్గొట్టి పోయారు. బాగుచేయడానికి దాన్ని క్రాకోవ్‌లోని రాజుగారి దగ్గరకు చేర్చారు. పాత రంగు మీద కొత్త రంగు నిలవలేదట. చివరికి అదే చెక్క మీద బొమ్మను మళ్లీ గీశారు. అంతా కొత్తగా గీసినవాళ్లు గాట్లను మాత్రం గుర్తుగా ఉంచేశారు.

1655లో స్వీడన్ సైన్యం మఠాన్ని దాదాపు నలభై రోజులు ముట్టడించి, చేతకాక వెనుదిరిగింది. అమ్మే కాపాడిందని జనం అన్నారు. తమాషా ఏమిటంటే, అసలు పటాన్ని సన్యాసులు ముందే సైలీషియా ప్రాంతానికి తరలించారు! మరుసటి ఏడు రాజు యాన్ కాజిమియెష్ మరియమాతను పోలండ్ రాణిగా ప్రకటించాడు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది ఇంకొకటి ఉంది. 1957 నుంచి ఈ పటం నకలును ఊరూరా ఊరేగించేవారు. 1966లో కమ్యూనిస్టు ప్రభుత్వ పోలీసులు దాన్ని పట్టుకుని మఠానికి చేర్చి, మళ్లీ బయటికి రాకుండా కాపలా పెట్టారు. ఊరేగింపు ఆగిందా? ఖాళీ చట్రమే బయలుదేరింది! లోపల బొమ్మ లేదు, తోడుగా ఒక కొవ్వొత్తి, సువార్త గ్రంథం. జనం ఆ ఖాళీ చట్రం ముందే మోకరిల్లారు. 1972లో చర్చి గురువులు గుట్టుగా నకలును బయటికి తెచ్చేదాకా అలాగే సాగింది.

ఉత్తరంతో మరో తెల్ల కాగితం పెడుతున్నాను. గాట్లు అమ్మ కుడి బుగ్గ మీద, అంటే మీకు ఎడమ పక్కన రావాలి. రెండూ పక్కపక్కనే, కిందికి దిగుతూ.

మీ
తాతయ్య