క్లాసులో టెక్నాలజీ: మా స్టాఫ్‌రూములో తిరిగే అపోహలు, నాకు తేలిన వాస్తవాలు

నేను ఆదోని వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. 2020లో బడులు మూతపడి దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చినప్పుడు, ఇదంతా కొన్నాళ్ళ ముచ్చటే, బడులు తెరిస్తే మళ్ళీ మన సుద్దముక్క మనకే అనుకున్నాం. అలా జరగలేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చాయి. బడులు బాగుచేసే నాడు-నేడు పనులతో పాటు గోడకు పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర, ఎక్కింది. అప్పటి నుంచి చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో కూర్చున్నా, స్టాఫ్‌రూములో టీ తాగుతున్నా అవే మాటలు చెవిన పడుతుంటాయి. వాటిలో నిజమెంతో, నా క్లాసులో తేలినంత వరకు రాస్తున్నా.

అపోహ: యాభై దాటిన టీచర్లకు ఇవి రావు

మా స్కూల్లో ప్యానెల్‌ను అందరికన్నా బాగా వాడేది రిటైర్మెంటుకు దగ్గర పడిన సోషల్ మేడం. ఆమెకు తెలిసిన బటన్లు చాలా తక్కువ. గూగుల్ ఎర్త్ తెరవడం, దగ్గరికి లాగడం, వెనక్కి జరపడం, అంతే. కానీ పిల్లల్ని ఏం అడగాలో ఆమెకు తెలుసు. మంత్రాలయం దగ్గర తుంగభద్రను పట్టుకుని కర్నూలు వైపు నడిపిస్తూ, దారిలో సుంకేసుల దగ్గర ఆపి "ఇక్కడి నుంచి పక్కకు పోతున్న ఈ సన్నగీత ఏంది?" అంటారు. కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ అని చెప్పడానికి పిల్లలకు కాసేపు పడుతుంది. అది కడప దాకా పోతుందని వేలితో జరుపుకుంటూ వాళ్ళే కనుక్కుంటారు. అక్కడి నుంచి సంగమేశ్వరం. శ్రీశైలం జలాశయం నిండితే మునిగి, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడే గుడి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్‌కు పాత ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు చూసే సౌకర్యం ఉంది కాబట్టి, ఒకే చోటును వేర్వేరు నెలల్లో చూపించి నీటి మట్టం గురించి మాట్లాడిస్తారు.

ఆమె కన్నా వేగంగా ఫోన్ తిప్పే కుర్ర టీచర్లు మాలో ఉన్నారు. ఆ వేగం పాఠంలోకి అంత తేలిగ్గా రాదు. పెద్దవాళ్ళను ఆపేది బటన్లు కాదు, పిల్లల ముందు తడబడతామేమో అన్న టెన్షన్. అది పోవాలంటే వందమందిని హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే ట్రైనింగ్ పెద్దగా పనికిరాదని నా అభిప్రాయం. సాయంత్రం బడి వదిలాక ఖాళీ క్లాసులో పక్కన ఒక తోటి టీచరు నిలబడి, రిమోట్ మన చేతిలోనే ఉంచి, ఓపిగ్గా చూస్తూ ఉంటే వస్తుంది.

అపోహ: తెర మీద చూపిస్తే పిల్లలకు అర్థమవుతుంది

నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. చూపిస్తే పిల్లలకు నచ్చుతుంది. అర్థమైందా అనేది వేరే సంగతి.

విద్యుత్తు పాఠం తీసుకోండి. ఒక సెల్లు, రెండు టార్చి బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపాం. ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? ఏ ఊళ్ళో అడిగినా చాలామంది పిల్లలు మొదటిదే అంటారు. "ముందర బల్బే సగం కరెంటు తాగేసింటాది సార్, రెండోదానికి యాడ మిగుల్తాది?" ఈ ఊహ మన పిల్లలకే కాదు, ప్రపంచంలో ఎక్కడి పిల్లలకైనా ఉండేదే. సైన్సు బోధన మీద పరిశోధన చేసేవాళ్ళు దీన్ని ఎన్నో దేశాల్లో గమనించారు. కరెంటు అంటే ఖర్చయిపోయే సరుకు అని మనసులో ఉన్నప్పుడు అలా అనడం సబబే కదా.

ఇప్పుడు నేరుగా వీడియో పెడితే ఏమవుతుంది? శ్రేణిలో విద్యుత్ ప్రవాహం అంతటా సమానం అని వీడియో చెప్తుంది. పిల్లలు వింటారు, నోట్సులో రాసుకుంటారు, పరీక్షలోనూ రాస్తారు. లోపలి ఊహ మాత్రం చెక్కుచెదరదు. దాన్ని ఎవరూ కదిలించలేదు కదా.

అందుకే ముందు చీటీ మీద జవాబు రాయించి, చీటీలు నా టేబుల్ మీద పెట్టిస్తాను. ఆ తర్వాతే తెర. దీనికి ఫెట్ అనే సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే చేసి చూసే నమూనా ప్రయోగాలు, బాగా పనికొస్తాయి. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది, పూర్తిగా ఉచితం. అందులో తీగలు, సెల్లు, బల్బులు మనమే కలుపుకోవచ్చు. ప్రవాహాన్ని కొలిచే అమ్మీటరును మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, చివర పెట్టి చూపించమని ఒక పిల్లనో పిల్లవాడినో ప్యానెల్ దగ్గరికి పిలుస్తాను. మూడు చోట్లా ఒకే అంకె. క్లాసులో గోల మొదలవుతుంది. పాఠం మొదలయ్యేది కూడా అక్కడి నుంచే.

అయినా తెర దగ్గరే ఆగిపోతే సగం పనే. సిమ్యులేషన్‌లో రెండు బల్బులూ ఒక్కలాగే వెలుగుతాయి. బజారులో కొన్న రెండు టార్చి బల్బులు అలా ఉండవు. ఒకటి కాస్త ఎక్కువ, ఒకటి కాస్త తక్కువ. అది చూడగానే వెనక బెంచీ నుంచి "నేను చెప్పలా సార్!" అని వస్తుంది. అప్పుడు బల్బుల స్థానాలు మార్చాలి. ఎక్కువ వెలిగే బల్బు రెండో స్థానానికి పోయినా ఎక్కువే వెలుగుతుంది. తేడా స్థానంలో లేదు, బల్బులో ఉంది. ఈ పని తెర చేయలేదు, పది రూపాయల బల్బులు చేస్తాయి. అమ్మీటరు లేని బడిలో ప్రవాహం అన్ని చోట్లా సమానమని చూపించే పని మాత్రం బల్బులు చేయలేవు, తెర చేస్తుంది. రెండూ కావాలి.

ఇంకో మాట. ఆ సిమ్యులేషన్ తెరవగానే నీలం చుక్కలు ఎలక్ట్రాన్లుగా రుణధ్రువం నుంచి బయల్దేరి కదులుతాయి. పుస్తకంలో ప్రవాహ దిశ బాణం దానికి ఎదురుగా ఉంటుంది. ఆ బాణం దిశను, అంటే సంప్రదాయ ప్రవాహాన్ని చూపించే ఆప్షన్ పక్కనే ఉంది, ముందే చూసి పెట్టుకోండి. చుక్కలు గబగబా పరిగెత్తడం చూసి ఎలక్ట్రాన్లు అంత వేగంగా పోతాయని పిల్లలు అనుకుంటారు. ఇళ్ళల్లో వాడే రాగి తీగలో అవి సగటున ముందుకు జరిగే వేగం సెకనుకు మిల్లీమీటరు కూడా ఉండదు. ఇలాంటివి తెర తనంతట తాను చెప్పదు.

అపోహ: టీచరు పని తగ్గుతుంది

మొదట్లో పెరుగుతుంది. మూడు నిమిషాల క్లిప్పు ఎక్కడ ఆపాలి, ఆపి ఏం అడగాలి అని ఇంట్లో చూసుకోవడానికే అరగంట పోతుంది. రెండో ఏడు అదే పాఠానికి వచ్చినప్పుడు కొంత తేలిక. పీరియడ్ మొత్తం వీడియో వేసి కుర్చీలో కూర్చుంటే పని తగ్గినట్టే ఉంటుంది, నిజమే.

అపోహ: నెట్ లేకపోతే ప్యానెల్ దండగ

మా ఊళ్ళో సిగ్నల్ సంగతి అడగొద్దు. కిటికీ దగ్గర రెండు గీతలు, టేబుల్ దగ్గర ఒకటి. అయినా నా పాఠాల్లో నెట్ కావాల్సినవి బహు తక్కువ. ఫెట్ సిమ్యులేషన్లను చాలావరకు ఒక్కొక్క ఫైలుగా దింపుకుని ల్యాప్‌టాప్‌లో నెట్ లేకుండా నడపవచ్చు. లెక్కల సార్లు రేఖాగణితం బొమ్మలకు వాడే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ కూడా కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ అక్కర్లేదు. బడి పాఠాల కోసం సర్కారు పెట్టిన దీక్షా యాప్‌లో పాఠాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను క్లాసులో నిలబడి స్కాన్ చేసి, చక్రం తిరుగుతుంటే పిల్లల ముఖాలు చూస్తూ నిలబడే అవస్థ దానితో తప్పుతుంది.

పెన్‌డ్రైవ్ ప్యానెల్‌లో కనబడకపోతే అది పాడైందని పారేయకండి. చాలాసార్లు అది ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉంటుంది, కొన్ని ప్యానెళ్ళు దాన్ని చదవవు. అందులోని ఫైళ్ళు వేరేచోట దాచి, పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లోకి మార్చి చూడండి. 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. అంత పెద్ద వీడియో క్లాసులో చూపించే అవసరం ఎవరికీ రాకూడదు కూడా.

అసలు ఇబ్బంది నెట్ కాదు, కరెంటు, వెలుతురు. సిమ్యులేషన్ మధ్యలో కరెంటు పోతే పాఠం ఆగకుండా బోర్డు మీద అదే బొమ్మ గీయగలగాలి. కిటికీకి ఎదురుగా ప్యానెల్ ఉంటే పగలు పదకొండు తర్వాత ఒక పక్క కూర్చున్న పిల్లలకు వాళ్ళ ముఖాలే కనబడతాయి. ఒకసారి చివరి బెంచీలో మీరే కూర్చుని చూడండి, అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలో తెలిసిపోతుంది.

అపోహ: ప్యానెల్ వచ్చాక బోర్డుతో పనిలేదు

తెర మీద పేజీ మారితే ముందుది పోతుంది. బోర్డు మీద రాసింది పీరియడ్ అయ్యేదాకా ఉంటుంది. నెమ్మదిగా రాసే పిల్లలకు ఆ ఉండడమే ఆధారం. సూత్రం, యూనిట్లు, ఆరోజు ప్రశ్న నేను బోర్డు మీదే రాస్తాను. కదిలేది, కంటికి ఆననంత చిన్నది, ఒక్క చూపులో పట్టనంత పెద్దది, ఇవే ప్యానెల్‌కు.

అపోహ: ఈకాలం పిల్లలకు అన్నీ తెలుసు, మనం నేర్పక్కర్లేదు

రీల్స్ జరపడం తెలుసు. ఫైలు ఎక్కడ సేవ్ అయిందో తెలియదు. ఒక వాట్సాప్ ఫార్వర్డ్ నిజమో కాదో ఎలా చూడాలో తెలియదు. తెలుగులో టైపు చేయమంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు.

ఈ తెలుగు టైపింగ్ దగ్గర టీచర్లకూ ఒక చిక్కు ఉంది. డీటీపీ షాపులో చేయించిన ప్రశ్నపత్రం వర్డ్ ఫైలు ఫోన్‌లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు గుర్తుల వరుసలు వస్తాయి. వైరస్ అని భయపడేవాళ్ళు ఉన్నారు. వైరస్ కాదు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు ఆకారాలు కూర్చాయి. ఆ ఫాంటు లేని ఫోన్‌లో లోపలి గుర్తులు బయటపడతాయి. ప్రతి భాష అక్షరాలకూ వేరువేరు సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు, అందులో తెలుగుకు సొంత స్థలం ఉంది. యూనికోడ్‌లో టైపు చేసిన పేపరు ఏ ఫోన్‌లోనైనా తెలుగులాగే కనబడుతుంది, వెతకవచ్చు, వచ్చే ఏడు మార్చుకోవచ్చు. షాపువాళ్ళను యూనికోడ్‌లో చేసివ్వమని అడగండి, లేదా పీడీఎఫ్ తీసుకోండి. ఫోన్‌లో మైకు నొక్కి తెలుగులో చెప్తే టైపయ్యే సౌకర్యం కూడా ఉంది. మన సీమ మాట దానికి కొన్నిసార్లు ఎక్కదు, కొంచెం న్యూస్ రీడర్ లాగా మాట్లాడాలి.

ఇప్పుడు ఏఐతో ప్రశ్నలు తయారు చేసే టీచర్లూ ఉన్నారు. చేసుకోండి. పిల్లలకు ఇచ్చేముందు ప్రతి లెక్కా మీరు ఒకసారి చేసి చూడండి. విభవాంతరం, విద్యుత్ నిరోధం లాంటి మాటల దగ్గర అది నమ్మకంగా తప్పు రాస్తుంది.

అపోహ: హాజరు యాప్, ఫోటోల యాప్ వాడితే టెక్నాలజీ వాడినట్టే

అవి ఆఫీసు పనులు. పాఠంతో సంబంధం లేదు.

అపోహ: పరికరాలకు డబ్బు లేనిదే ఏమీ చేయలేం

రెండు ఫోన్లు, ఒక టేపు ఉంటే ధ్వని వేగం కొలవవచ్చు. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో చప్పుడుతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది. వరండాలో పది మీటర్ల దూరంలో రెండు ఫోన్లు పెట్టండి. మొదటి ఫోన్ పక్కన ఒకరు చప్పట్లు కొడితే రెండు వాచీలూ మొదలవుతాయి. రెండో ఫోన్ పక్కన ఇంకొకరు కొడితే రెండూ ఆగుతాయి. కానీ మొదటి చప్పుడు రెండో ఫోన్‌కు ఆలస్యంగా చేరింది, రెండో చప్పుడు మొదటి ఫోన్‌కు ఆలస్యంగా చేరింది. కాబట్టి రెండు ఫోన్ల సమయాల తేడా ధ్వని ఇరవై మీటర్లు పోవడానికి పట్టిన కాలం. సెకనులో 0.058 వంతు దాకా వస్తుంది. ఇరవైని దానితో భాగిస్తే చాలు.

పుస్తకంలో 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లు అని ఉంటుంది. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే వేగం సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. అంటే మా 40 డిగ్రీల ఎండలో 355 ఉండాలి. ఫోన్ కొలతలో అంత చిన్న తేడా తేల్చడం కష్టమే, కానీ "మన ఊళ్ళో వేరే జవాబు రావాల్నా సార్?" అన్న ప్రశ్న పుడుతుంది, అది చాలు. ఒంటిపూట బడుల రోజుల్లో పొద్దున్నే, పిల్లల గోల మొదలుకాక ముందు చేయండి. పక్క క్లాసులో ఎవరు డస్టరు కొట్టినా వాచీ ఆగిపోతుంది.

టీవీ రిమోట్ బటన్ నొక్కి దాని కొనను ఫోన్ కెమెరాలో చూపించండి. కంటికి కనబడని పరారుణ కాంతి తెర మీద మెరుస్తుంది. వెనక కెమెరాలో కనబడకపోతే సెల్ఫీ కెమెరా వాడండి.

అపోహ: గ్రూపులో పాఠం పెట్టాం, పిల్లలకు చేరింది

మా పడమటి పల్లెల్లో పంటలు అయిపోతే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే కూలికి వలస పోతాయి. ఎక్కువగా గుంటూరు వైపు, మిరప కోతలకు. తాతఅవ్వల దగ్గరో, వలస పోయినవాళ్ళ పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లోనో ఉండిపోయిన పిల్లలు బడికి వస్తారు. అమ్మానాన్నతో పోయినవాళ్ళకు పాఠం ఫోన్‌లోనే. ఆ ఫోన్ పగలంతా నాయన జేబులో చేనులో ఉంటుంది. గుడారంలో చార్జింగ్ పెట్టుకునే వీలు దొరకాలి, రీచార్జి ఉండాలి. గ్రూపులో రెండు నీలం టిక్కులు పడితే పాఠం చేరినట్టు లెక్కేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

ఇలాంటి పిల్లలకు నేను వీడియోలు పంపడం మానేశాను. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్, నోట్సు పేజీ ఫోటో ఒకటి, ఒకే ఒక్క ప్రశ్న. జవాబు కూడా వాయిస్‌లోనే చెప్పమంటాను, రాత్రి ఎనిమిది తర్వాత. ఆ వేళకే కోతల నుంచి వచ్చి, తిని, ఫోన్ పిల్లల చేతికిస్తారు. అందరూ జవాబు పంపరు. పంపనివాళ్ళ పేర్లు రాసిపెట్టుకుని, మార్చిలోనో ఏప్రిల్‌లోనో తిరిగొచ్చాక వాళ్ళను విడిగా కూర్చోబెట్టి, అదే ప్రశ్న దగ్గర నుంచి మొదలుపెడతాను.