బొటనవేలికి తాడు కట్టుకుని నిద్రపోయే ప్రాసెసర్లు

మియాపూర్‌లో మేము అద్దెకున్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు గొళ్లానికి తాడు కట్టి, రెండో కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని పడుకునేవాడు. గేటు కదిలితే మెలకువ. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి అతన్ని లేపినప్పుడల్లా నాకు ప్రాసెసర్లే గుర్తొచ్చేవి. చేసే ఉద్యోగం అలాంటిది మరి.

పని లేని ప్రాసెసర్ కోర్ (చిప్‌లో విడిగా పనిచేసే ఒక్కో భాగం) కూడా నిద్రపోతుంది. ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌లలో 'హాల్ట్' అనే ఆదేశం ఇస్తే ఇంటరప్ట్, అంటే 'ఇటు చూడు' అనే పిలుపు, వచ్చేదాకా ఆగిపోతుంది. 'ఎమ్‌వెయిట్' అచ్చంగా మా వాచ్‌మన్ పద్ధతి: మెమరీలో ఒక చోటును కనిపెట్టుకుని ఉంటుంది, అక్కడ ఎవరైనా ఏదైనా రాస్తే లేస్తుంది. లేచాక ఆగిన చోటి నుంచే పని అందుకుంటుంది. చిక్కంతా ఆ 'ఆగిన చోటు'తోనే.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కుప్పకూలితే కారణం వెతకడానికి దాని మెమరీ చెదరకుండా దొరకాలి. 2005లో విడుదలైన 2.6.13 వెర్షన్ నుంచి ఇందుకు కెడంప్ అనే ఏర్పాటు ఉంది. విడిగా అట్టేపెట్టిన మెమరీలో రెండో కెర్నల్ సిద్ధంగా ఉంటుంది. మొదటిది కూలగానే యంత్రం ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్ జోలికి పోకుండా నేరుగా ఇందులోకి దూకి, పాత మెమరీని ఫైలుగా భద్రపరుస్తారు. ఈలోగా మిగతా కోర్లు తమ పని తాము చేసుకుంటూ పోతే సాక్ష్యం చెరిగిపోతుంది. మామూలు ఇంటరప్ట్‌తో ఆపుదామంటే, ఏదో ఒక కోర్ ఇంటరప్టులకు తలుపు మూసుకుని మరో కోర్ వాడుతున్న డేటాకు వేసిన లాక్ కోసం చూస్తూ ఉండవచ్చు. అందుకని, అడ్డుకోవడానికి వీల్లేని ఇంటరప్ట్, అంటే ఎన్‌ఎమ్‌ఐ (నాన్-మాస్కబుల్ ఇంటరప్ట్) పంపుతారు. నిద్రలో ఉన్నదైనా లేస్తుంది, తన రిజిస్టర్లలోని (అప్పటికి చేతిలో ఉన్న) విలువలు రాసిపెట్టి, శాశ్వతంగా ఆగుతుంది. కూలిన కోర్ వీటి కోసం ఎదురుచూసేది ఒక్క సెకను. అప్పటికీ పలకని దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. నిర్దయే, కానీ నాకు సబబుగానే తోస్తుంది.

ముందే ఆఫ్‌లైన్ చేసిన, అంటే వాడకం నుంచి తప్పించిన, కోర్ల సంగతి వేరు. అవి ఎమ్‌వెయిట్‌లో గాఢనిద్రలో ఉంటాయి. కెడంప్‌లో పాత మెమరీని ఎవరూ తిరగరాయరు కాబట్టి వాటి నిద్రకు భంగం లేదు. అయితే ఇలా నేరుగా దూకడాన్నే మామూలు రీబూట్‌కూ వాడతారు, దాని పేరు కెఎక్సెక్. అప్పుడు కొత్త కెర్నల్ పాతదాని మెమరీ మీదే పరుచుకుంటుంది. తాడు కదులుతుంది, కోర్ లేస్తుంది. తీరా చూస్తే తాను నడవాల్సిన ఆదేశాలూ లేవు, దారి చూపే పేజీ టేబుళ్లూ లేవు. ఇల్లు కూల్చి కొత్తది కట్టాక పాత మెట్ల కోసం కాలు చాచినట్టు.

2023లో కెర్నల్ డెవలపర్ థామస్ గ్లైక్స్‌నర్ దీన్ని సరిదిద్దారు. దూకే ముందే నిద్రలోని కోర్లను లేపి హాల్ట్‌లోకి మారుస్తారు. హాల్ట్‌నూ ఎన్‌ఎమ్‌ఐ లేపగలదు కాబట్టి, వీలైతే 'ఇనిట్' (మళ్లీ మొదలుపెట్టమనేదాకా కోర్ ఆగి ఉండే) స్థితిలోకి తోసే మార్పూ అప్పట్లో చేర్చారు, కానీ కొన్ని యంత్రాలు షట్‌డౌన్‌లో బిగుసుకుపోవడంతో 2023లోనే వెనక్కి తీసుకున్నారు. అక్కడ ఎన్‌ఎమ్‌ఐ కూడా పనిచేయదు. దానికి ముందే తెలిసిన అడ్డు ఒకటుంది: బూట్ కోర్‌కు, అంటే యంత్రం మొదలైనప్పుడు ముందుగా నడిచే కోర్‌కు, ఇనిట్ పంపితే యంత్రం మొత్తం రీసెట్ అవుతుంది. మామూలు రీబూట్‌లో పనిని ముందుగా బూట్ కోర్ మీదకు మార్చుకోవచ్చు. కెర్నల్ ఏ కోర్ మీద కూలుతుందో మాత్రం మన చేతిలో లేదు. అది వేరే కోర్ అయితే ఇనిట్ జోలికి పోకుండా హాల్ట్‌తోనే సరిపెట్టుకునేవారు.