రోమన్ రిపబ్లిక్: పాఠంలో పదే పదే వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: పాట్రీషియన్లంటే డబ్బున్నవాళ్లు, ప్లెబియన్లంటే పేదలు.

చరిత్ర చెప్పేవాళ్లకు ఏటా ఎదురయ్యేది ఇదే. ఆ తేడా పుట్టుకది, ఆస్తిది కాదు: పాత కులీన వంశాల్లో పుట్టినవాళ్లు పాట్రీషియన్లు, మిగతా పౌరులంతా ప్లెబియన్లు. కోట్లకు పడగలెత్తిన క్రాసస్ ప్లెబియనే, పేరున్న సేనాని పాంపే కూడా అంతే. జూలియస్ సీజరేమో పాట్రీషియన్, కానీ పదవుల కోసం ఖర్చుపెట్టి పీకల్లోతు అప్పుల్లో కూరుకుపోయాడు. ప్లెబియన్ల తరఫున నిలబడే ట్రిబ్యూన్ పదవికి ప్లెబియన్లే అర్హులు కాబట్టి, గొప్ప పాట్రీషియన్ వంశంలో పుట్టిన క్లోడియస్ అనే నాయకుడు క్రీ.పూ. 59లో ఒక ప్లెబియన్‌కు దత్తత వెళ్లాడు, అదీ తనకంటే వయసులో చిన్నవాడికి!

అపోహ: చట్టాలు చేసింది సెనేట్.

కాదు, పెద్దల సభ లాంటి సెనేట్ సలహా ఇచ్చేది, చట్టం ప్రజాసభల్లో పాసయ్యేది. అయితే అత్యున్నత పాలకుడైన కాన్సుల్ పదవి ఏడాదిలో అయిపోతుంది, సెనేటర్ మాత్రం సాధారణంగా జీవితాంతం ఉంటాడు, పైగా ఖజానా, విదేశీ వ్యవహారాలు అక్కడే తేలతాయి, అలాంటప్పుడు ఆ సలహాను కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

అపోహ: పౌరులందరికీ ఓటుంది కాబట్టి అందరూ సమానం.

నన్నడిగితే అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఆడవాళ్లకు, బానిసలకు ఓటే లేదు. కాన్సుళ్లను ఎన్నుకునే సభలో ఓటర్లను ఆస్తిని బట్టి 193 సెంచురియాలుగా, అంటే ఓటింగ్ బృందాలుగా విడగొట్టారు, ఒక్కో సెంచురియాకు ఒక్కటే ఓటు. మొదట్లో అశ్విక దళానివి 18, అందరికంటే ఎక్కువ ఆస్తి ఉన్న మొదటి తరగతివి 80, కలిపితే 98. అంటే సంపన్నులంతా ఒక్కమాట మీదుంటే మెజారిటీ వచ్చేసినట్టే. ఓటింగ్ పైనుంచి మొదలయ్యేది, మెజారిటీ రాగానే ఆపేసేవాళ్లు. ఆస్తి లేని వేలమందినీ ఒకే సెంచురియాలో కుక్కారు, వాళ్లదాకా పిలుపు రావడమే అరుదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో మొదటి తరగతిని 70కి తగ్గించారు, అయినా పలుకుబడి పెద్దగా తగ్గలేదు.

అపోహ: డిక్టేటర్ అంటే నియంత.

క్రీ.పూ. 82లో గడువు లేకుండా డిక్టేటర్ అయిన సేనాని సుల్లాకు ముందు అది ఆరు నెలలకు మించని అత్యవసర పదవి, అంతే.

అపోహ: ప్లెబియన్ల పోరాటం గెలవడంతో పేదల కష్టాలు తీరాయి.

సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 494లో అప్పుల బాధతో ప్లెబియన్లు నగరం వదిలి కొండెక్కి కూర్చున్నారు, ట్రిబ్యూన్లను సాధించుకున్నారు. క్రీ.పూ. 287 నాటికి వాళ్ల సభ తీర్మానాలు పాట్రీషియన్లకూ వర్తించాయి. ఇది చిన్న విజయం కాదు. కానీ పదవులు అందుకున్నది ప్లెబియన్లలోని ధనిక కుటుంబాలు, అవి పాత వంశాలతో కలిసిపోయి కొత్త కులీన వర్గమయ్యాయి. క్రీ.పూ. 172లో తొలిసారి ఇద్దరు కాన్సుళ్లూ ప్లెబియన్లే, అప్పటికీ ఆస్తి లేనివాడు ఆ చివరి సెంచురియాలోనే ఉన్నాడు.