డిస్ప్యూట్ పెద్దదా, కాన్‌ఫ్లిక్ట్ పెద్దదా? ఇంగ్లిష్‌లో గొడవ మాటలపై అపోహలు - వాస్తవాలు

కంపెనీల ఉత్తరాలు, నోటీసులకు జవాబులు, పత్రికా ప్రకటనలు - వీటి ఇంగ్లిష్ దిద్దడం నా పని. వ్యాకరణం తప్పులు ఇప్పుడు కంప్యూటరే పట్టేస్తోంది. తగువుకి ఏ పేరు పెట్టాం అన్నది మాత్రం దానికి చిక్కదు. వాక్యం నున్నగా ఉంటుంది, మాట ఒక్కటి పక్కకి జరుగుతుంది, ఉత్తరం ఉద్దేశమే మారిపోతుంది. అలాంటివి నా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి. వాటి వెనకున్న నమ్మకాలు కొన్ని ఇక్కడ.

అపోహ: ఇవన్నీ ఒకే మెట్ల వరస. కింద డిసగ్రీమెంట్, దాని పైన ఆర్గ్యుమెంట్, ఆపైన డిస్ప్యూట్, అన్నిటికన్నా పైన కాన్‌ఫ్లిక్ట్.

స్పోకెన్ ఇంగ్లిష్ నోట్సుల్లో ఈ నిచ్చెన బొమ్మ కనిపిస్తుంటుంది. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, వాడబోతే కాలు జారుతుంది. గొడవ ఎంత వేడిగా ఉందన్నది ఈ మాటల్లో కొన్నే చెబుతాయి. ఎవరెవరి మధ్య, దేని మీద అన్నది మాత్రం ప్రతి మాటా చెబుతుంది.

డిసగ్రీమెంట్ అభిప్రాయాలది. ఒకే స్కాన్ చూసి ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే అది డిసగ్రీమెంట్. ఆ తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగడానికి వెళ్తారు. డిస్ప్యూట్‌కి ఒక హక్కో, బాకీయో, హద్దు రాయో కావాలి. ఒకరు నాది అనాలి, రెండోవారు కాదనాలి. గొంతులు లేవకపోయినా, అన్నదమ్ములు ఏళ్ల తరబడి ఎదురుపడకపోయినా, పొలం మీద డిస్ప్యూట్ అలా నడుస్తూనే ఉంటుంది.

కాన్‌ఫ్లిక్ట్‌కైతే మనుషులే అక్కర్లేదు. రెండు నిబంధనలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా, రెండు పరీక్షలు ఒకే పూట పడినా కాన్‌ఫ్లిక్టే. కోడ్ మార్పులను కలిపే గిట్‌లో ఇద్దరు ఒకే లైను మార్చితే వచ్చే మర్జ్ కాన్‌ఫ్లిక్ట్ సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ తెలుసు. ఇక కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్‌లో అసలు గొడవే ఉండదు. టెండరు కమిటీలో ఉన్నాయనా, ఆయన బావమరిదే అయిన టెండరుదారూ బాగా కలిసిమెలిసి ఉండటమే అక్కడి ఇబ్బంది.

ఈ తేడా తెలియక ఇంటర్వ్యూల్లో మనవాళ్లు దెబ్బతింటారు. పనిలో ఎదురైన కాన్‌ఫ్లిక్ట్ ఒకటి చెప్పమని అమెరికన్ కంపెనీలు అడగడం మామూలు. "నాకెవరితోనూ గొడవల్లేవండీ" అన్న ధోరణిలో జవాబు వస్తుంది. వాళ్లడిగింది కొట్లాట గురించి కాదు. టెస్టింగ్‌కి ఇంకో వారం కావాలని మీరన్నారు, రిలీజ్ శుక్రవారమే కావాలని ఆవిడంది, ఆ రెండూ ఎలా కుదిర్చారన్నది ప్రశ్న.

దేశాల మధ్యకి వెళ్తే ఈ పేర్ల మీదే ఓట్లు ఆధారపడతాయి. ఐక్యరాజ్యసమితి చార్టర్ 34వ అధికరణ డిస్ప్యూట్‌నీ, డిస్ప్యూట్‌కి దారితీయగల సిట్యుయేషన్‌నీ విడివిడిగా చెప్పింది. 27వ అధికరణ మూడో క్లాజు ప్రకారం, శాంతియుత పరిష్కారాలకు సంబంధించిన ఆరో అధ్యాయం కింద నిర్ణయాలు తీసుకునేటప్పుడు, డిస్ప్యూట్‌లో పక్షంగా ఉన్న దేశం భద్రతా మండలిలో ఓటు వేయకూడదు. వీటో ఉన్న దేశానికైనా అదే నియమం. సిట్యుయేషన్ అని పేరు పెడితే ఆ అడ్డు లేదు! 1972 సిమ్లా ఒప్పందం ఇంగ్లిష్ ప్రతి చూడండి: భారత్, పాకిస్తాన్ ద్వైపాక్షిక చర్చలతో పరిష్కరించుకుంటామన్నది తమ "డిఫరెన్సెస్"ని. ఉన్న మాటల్లో బహుశా అన్నిటికన్నా మెత్తనిది, ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారో చెప్పనిది అదే.

అపోహ: డిస్ప్యూట్ అని రాస్తే కయ్యానికి కాలు దువ్వినట్టు ఉంటుంది. ఇష్యూ, కన్సర్న్ అనడమే మర్యాద.

మర్యాద మంచిదే. అయితే ఈ మర్యాద ఖరీదైనది కావొచ్చు.

ఒక సప్లయర్ నాసిరకం సరుకు పంపాడు. కొన్నవాళ్లు "వియ్ హ్యావ్ సమ్ కన్సర్న్స్" అని ఓ మెయిల్ పెట్టి, బిల్లు ఆపి కూర్చున్నారు. కొన్నాళ్లకి ఆ సప్లయర్ 2016 నాటి దివాలా స్మృతి, అంటే ఐబీసీ, సెక్షన్ 8 కింద డిమాండ్ నోటీసు పంపాడు. నోటీసు అందిన పది రోజుల్లోగా, ఈ బాకీ మీద డిస్ప్యూట్ ఉందని తెలియజేసే అవకాశం చట్టం ఇచ్చింది. అలాంటి డిస్ప్యూట్ నిజంగా ఉంటే, దివాలా ప్రక్రియ మొదలుపెట్టమని సెక్షన్ 9 కింద వేసిన దరఖాస్తు నిలవదు. సరుకు నాణ్యత, బాకీ మొత్తం, ఇచ్చిన హామీ తప్పడం - ఇవన్నీ డిస్ప్యూట్ నిర్వచనంలో ఉన్నాయి. మోబిలాక్స్ అనే కంపెనీ కేసులో 2017లో సుప్రీంకోర్టు రెండు సంగతులు తేల్చింది. ఆ డిస్ప్యూట్ నోటీసు రాకముందు నుంచే ఉండాలి. అది చివరికి గెలిచేది కానక్కర్లేదు గానీ, విచారించదగ్గ వాదన అయినా కావాలి.

ఇప్పుడు ఆ "సమ్ కన్సర్న్స్" మెయిల్ మళ్లీ చదవండి. ఏమీ చెప్పలేదు. ఆ దరఖాస్తు వినే ట్రిబ్యునల్ సారం చూస్తుంది కాబట్టి డిస్ప్యూట్ అన్న మాట మంత్రం కాదు, అది ఉన్నంత మాత్రాన గండం గట్టెక్కదు. కానీ ఆ మాట రాసే మనిషి దేన్ని కాదంటున్నాడో కూడా రాయక తప్పదు. ఫలానా ఇన్‌వాయిస్‌లో ఫలానా ఐటమ్‌ని, ఫలానా కారణంతో డిస్ప్యూట్ చేస్తున్నాం అనాలి. కన్సర్న్ అనేవాడికి ఆ బలవంతం లేదు. క్రెడిట్ కార్డు విషయంలోనూ ఇంతే: మీరు చేయని లావాదేవీ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే బ్యాంకులో నింపాల్సింది డిస్ప్యూట్ ఫారం. "ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ దిస్ ఛార్జ్" అని రాస్తే అవతలివాళ్లు మీ సందేహం తీర్చి ఊరుకుంటారు.

వ్యాకరణం ముక్క ఒకటి ఇక్కడే: డిస్ప్యూట్ క్రియగా వాడినప్పుడు నేరుగా కర్మ తీసుకుంటుంది. "డిస్ప్యూట్ ద బిల్" అంటే చాలు, మధ్యలో "అబౌట్" వద్దు. డిసగ్రీ అలా కాదు, మనిషితో అయితే "విత్" కావాలి. "ఐ యామ్ డిసగ్రీ" అన్నది ఇంకా ఎన్ని తరాలు బతుకుతుందో!

మనకి బాగా తెలిసిన డిస్ప్యూట్ కృష్ణా నీళ్లది. తెలుగు పత్రికల్లో జల జగడం, ఇంగ్లిష్ పత్రికల్లో వాటర్ వార్. శీర్షికకి రెండూ పనికొస్తాయి. చట్టం తలుపు తెరిచే మాట వేరే ఉంది. 1956 అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం "వాటర్ డిస్ప్యూట్" అని ఒక పేరు పెట్టి, రాష్ట్రాల మధ్య డిస్ప్యూట్‌నీ డిఫరెన్స్‌నీ రెంటినీ అందులో చేర్చింది. ఆ పేరు కిందికి వస్తేనే సెక్షన్ 3 కింద కేంద్రానికి ఫిర్యాదు, అక్కడి నుంచి ట్రిబ్యునల్. ట్రిబ్యునల్‌కి పంపదగ్గ వివాదంలో కోర్టులు వేలు పెట్టకూడదని సెక్షన్ 11. తెలంగాణ 2014 జులైలో ఆ సెక్షన్ 3 కిందే ఫిర్యాదు చేసింది. కృష్ణా నీళ్ల వివాదం వింటున్న బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్‌కి కొత్త విచారణాంశాలు ఇవ్వడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నది 2023 అక్టోబరులో. సరైన మాట వాడినంత మాత్రాన పని త్వరగా అవుతుందని నేనెక్కడా అనలేదు.

అపోహ: ఆర్గ్యుమెంట్ అంటే గొడవే.

"హ్యావ్" పక్కన ఉంటే గొడవ, "మేక్" పక్కన ఉంటే వాదన. లాయర్ ఆర్గ్యుమెంట్స్ ముగించారంటే ఎవరూ చొక్కాలు పట్టుకోలేదు. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో ఎంతవరకు ఏకీభవిస్తారని అడిగిన వ్యాసంలో చూసేది కూడా కారణాల వరసనే, ఆవేశాన్ని కాదు.

అపోహ: డిసెంట్ అంటే తిరుగుబాటు.

పత్రికల్లో డిసిడెంట్లు, అసమ్మతి వర్గం అని చదివీ చదివీ ఈ మాటకి ఆ వాసన పట్టింది. న్యాయస్థానంలో డిసెంట్ అంటే మెజారిటీతో ఏకీభవించని న్యాయమూర్తి, తన కారణాలను తీర్పులోనే రాసిపెట్టడం. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయినాయన, 1962లో ఖరక్ సింగ్ కేసులో రాసింది అలాంటిదే. మనిషి వెనక పోలీసు నీడలా తిరుగుతుంటే ఆ స్వేచ్ఛ స్వేచ్ఛే కాదన్నది ఆయన వాదన సారం. జస్టిస్ షా ఆయనతో కలిశారు. మిగిలిన నలుగురు గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం సుబ్బారావు గారి వైపే మొగ్గింది. కమిటీ మీటింగ్ మినిట్స్‌లో మీ భిన్నాభిప్రాయం రికార్డు కావాలంటే అడగాల్సింది "నోట్ ఆఫ్ డిసెంట్". "ఐ అబ్జెక్టెడ్" అని గుర్తుంచుకుని ఇంటికి వెళ్తే కాగితం మీద ఏమీ మిగలదు.

అపోహ: క్లాష్ తటస్థమైన మాట. ఎటూ మొగ్గకుండా రాయాలంటే అదే వాడాలి.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని మన సామెత. క్లాష్ అన్న మాట సరిగ్గా ఆ ఉజ్జీని కల్పించేస్తుంది. గుంపుగా వెళ్లి ఒకరి ఇంటి మీద పడి కొట్టొస్తే, పొద్దున్నకి అది "క్లాష్ బిట్వీన్ టూ గ్రూప్స్" అయిపోతుంది. తెలుగులో "ఇరువర్గాల ఘర్షణ". కొట్టినవాళ్లూ తిన్నవాళ్లూ ఒక్క మాటతో సమానమైపోయారు. ఎవరు మొదలుపెట్టారో నిజంగా తెలియనప్పుడు, ఇద్దరూ చెయ్యి చేసుకున్నప్పుడు క్లాష్ సరైనదే. ఒకవైపు నుంచే జరిగితే అది ఎటాక్. తటస్థత పేరుతో అక్కడ క్లాష్ అనడం ఒకవైపు మొగ్గడమే. ఆల్టర్‌కేషన్ మీదా నాకు ఇలాంటి అనుమానమే. నిఘంటువు అసలర్థం నోటిమాటల గొడవ. ఇప్పుడు చెంపదెబ్బలని కూడా దాని కింద దాచేస్తున్నారు.

సైన్యం ఎంచుకునే మాటలు ఇంకా తూచినట్టు ఉంటాయి. 2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దులోని గల్వాన్‌లో సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది మన సైనికులు చనిపోయారు. మర్నాడు సైన్యం ప్రకటనలో ఉన్న మాట "వయలెంట్ ఫేస్-ఆఫ్". ఫేస్-ఆఫ్ అంటే ఎదురెదురుగా నిలబడటం. 2017లో డోక్లాం విషయంలో మన విదేశాంగ శాఖ వాడిందీ ఆ మాటే. వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్లలోపు కాల్పులు జరపకూడదని చైనాతో 1996 ఒప్పందం ఉంది. గల్వాన్‌లో ప్రాణాలు పోయినా తూటా పేలలేదు. బ్యాటిల్ అనకుండా, ఫేస్-ఆఫ్ ముందు వయలెంట్ చేర్చిన ఆ ప్రకటనని తిరగరాయమంటే నేను మాత్రం ఒక్క అక్షరం కదపను.

అపోహ: హెడ్డింగుల్లో కనపడే ఇంగ్లిష్ మంచి ఇంగ్లిష్.

రౌ, స్ప్యాట్ (చిన్న తగువు), ఫ్యూడ్ - ఇవి పొట్టి మాటలు కాబట్టి శీర్షికలో పడతాయి. వరస అన్న అర్థంలో రో అనీ, గొడవ అన్న అర్థంలో రౌ అనీ పలకాలి. అమెరికాలో ఈ రెండోది పెద్దగా వాడరు. ఫ్యూడ్ అంటే కుటుంబాల మధ్య ఏళ్ల పగ. పార్కింగ్ దగ్గర నిన్న జరిగినదానికి ఆ మాట ఎక్కువ.

అపోహ: ఖండించారు అంటే కండెమ్డ్.

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసే ప్రతి పత్రికా ప్రకటనలోనూ దీనికోసం వెతుకుతాను, దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. మన ఖండించు మూడు పనులు చేస్తుంది. బాంబు దాడిని ఖండిస్తాం: అది కండెమ్. ఆరోపణను ఖండిస్తాం: అది డినై, అంటే నేను చేయలేదనడం. వాదనను ఖండిస్తాం: అది రిబట్. "ద కంపెనీ కండెమ్స్ ది అలిగేషన్స్" అని రాస్తే, ఆరోపణ చేయడం తప్పంటున్నారే గానీ అది అబద్ధమని చెప్పట్లేదే అని పాఠకుడికి అనిపిస్తుంది. విలేకరి మర్నాడు అడిగే ప్రశ్న కూడా అదే.

దీన్ని తప్పించుకోబోయి కొందరు "రెఫ్యూట్" పట్టుకుంటారు, గంభీరంగా ఉంటుందని. రెఫ్యూట్ అంటే తప్పని రుజువు చేయడం. ఉత్త డినైకి బదులుగా కూడా వాడుతున్నారని నిఘంటువులు ఒప్పుకుంటాయి గానీ, ఎడిటర్లు చాలామంది ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ప్రకటనలో ఆ మాట కనపడితే మార్జిన్‌లో ఒక్కటే రాసి వెనక్కి పంపుతాను: రుజువు ఏ పేజీలో ఉంది? జతచేసిన కాగితాలేవీ రాకపోతే దాన్ని కొట్టేసి "డినైస్" అని పెడతాను.