చియ్యల కూర ఎంత తొందరగా చల్లారాలి?

మే నెలలో కర్నూలులో మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి మనం అల్లాడిపోతాం గానీ, క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకు అదే హాయి. 43 నుంచి 45 డిగ్రీల దగ్గర అది అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది. మాంసంలో అన్నీ అనుకూలంగా ఉంటే దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్క కణం నాలుగు గంటల్లో కోటీ అరవై లక్షలు దాటిపోతుంది. పెద్ద గిన్నె నిండా వండిన చియ్యల కూర, అంటే మాంసం కూర, దానికి బాగా నచ్చిన చోటు. దేవరలకు, పెళ్లిళ్లకు, బక్రీదుకు మన ఊళ్లలో వండేది సరిగ్గా అదే.

"గంటసేపు ఉడికించినాం, ఇంకేమైతాది?" అంటుంటారు. మరిగితే బాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ ఈ జాతి ఇబ్బంది వస్తే సిద్ధబీజంగా మారి గట్టి పొరలో దాక్కుంటుంది. వాటిలో కొన్ని గంటసేపు మరిగినా బతుకుతాయి. పైగా మరగడం వాటికి సాయమే చేస్తుంది. కూరలో కరిగి ఉన్న ఆక్సిజన్ బయటికి పోతుంది, పోటీకి వచ్చే మిగతా సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఇది ఆక్సిజన్ లేని చోటే పెరిగే రకం. పొయ్యి ఆపాక కూర 54 డిగ్రీల కిందికి దిగితే చాలు, సిద్ధబీజాలు మేలుకొని పెరగడం మొదలుపెడతాయి. బయటి గాలే 40 డిగ్రీలుంటే గిన్నెలోని కూర అంతకన్నా చల్లబడే దారే లేదు. మధ్యాహ్నం దించిన కూర సాయంత్రం దాకా వాటికి నచ్చిన వేడిలోనే ఉంటుంది.

అలాంటి కూర తిన్న ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. జ్వరం, వాంతులు అరుదు. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. పిల్లలు, ముసలివాళ్లు మాత్రం ఒంట్లో నీరు పోయి బాగా నీరసపడతారు, వాళ్లకు వెంటనే ఓఆర్ఎస్ తాగించాలి. "కోడికూర వేడి చేసింది" అని మనం సరిపెట్టుకునే వాటిలో కొన్ని ఇవే అయి ఉండొచ్చు.

అందుకే ఎంత సేపు ఉడికించామో చూసుకున్నంత శ్రద్ధగా, ఎంత తొందరగా చల్లార్చామో కూడా చూసుకోవాలి. అమెరికా ఆహార భద్రతా నియమాల ప్రకారం వండిన మాంసాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. గాలి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువు. మనకు ఎండాకాలమంతా ఈ రెండో లెక్కే వర్తిస్తుంది. కూరను లోతు గిన్నెలో వదలకుండా వెడల్పాటి పళ్లాల్లోకి రెండంగుళాల మందం మించకుండా తీయాలి. చిక్కటి కూరలో మందం సగం చేస్తే చల్లారే సమయం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆ పళ్లాలను బేసిన్‌లో చల్లటి నీళ్ల మీద పెట్టి గరిటెతో కలుపుతుండాలి. మన పొడి గాలికి మట్టి బానలో నీళ్లు బాగా చల్లబడతాయి కాబట్టి అవి దీనికి చక్కగా పనికొస్తాయి. ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లోకి పోవాలి. వేడిది పెడితే ఫ్రిజ్ పాడైపోతుందన్న భయంతో గంటల తరబడి బయట ఉంచితే నష్టం మనకే. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర మూడు, నాలుగు రోజులు ఉంటుంది.

ఫ్రిజ్ లేని ఇళ్లలో పొయ్యి నిప్పుల మీద గిన్నె ఉంచడం తెలివైన పద్ధతి. కూర అంతా 60 డిగ్రీల పైన ఉన్నంతసేపూ బాక్టీరియా పెరగదు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మరగబెట్టి మధ్యలో వదిలేయడం మాత్రం అంత నమ్మదగింది కాదు. చేతుల నుంచి చేరే స్టెఫైలోకాకస్ ఆరియస్ కూరలో విషం వదిలితే, ఆ విషం మరిగించినా పోదు. కాబట్టి మిగిలిన కూరలో చెయ్యి పెట్టకుండా గరిటెతోనే తీయండి. పాడైందని అనుమానమొస్తే పారబోయడమే, మళ్లీ మరిగించి ప్రయోజనం లేదు.

ఒట్టి తునకలు నెలల తరబడి ఉంటాయి కదా, కూర ఎందుకు ఉండదు అని అడుగుతారు. ఒట్టి తునకలకు పచ్చి మాంసాన్ని సన్నగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి ఎండలో గలగలలాడేలా ఎండబెడతారు. సూక్ష్మజీవులకు అందే నీరు అందులో మిగలదు. కూరలో నీటికి కొదవే లేదు.

మర్నాటి కూర గడ్డకట్టి జెల్లీలా కనిపిస్తే కంగారు అక్కర్లేదు. ఎముకలు, కీళ్ల దగ్గరుండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉడికి జెలటిన్‌గా మారడం వల్ల అలా అవుతుంది. వేడి చేస్తే కరిగి పులుసు ఇంకా చిక్కగా, రుచిగా ఉంటుంది. ఉత్తగా ఉడికించిన ముక్కలకు మాత్రం మర్నాడు ఒకరకం పాత వాసన వస్తుంది. మాంసంలోని ఇనుము, ఆక్సిజన్ కలిసి కొవ్వును మార్చేయడమే కారణం. మేక మాంసం కన్నా కోడిలో ఇది త్వరగా వస్తుంది. లవంగం, చెక్క, అల్లం ఆ మార్పును నెమ్మదింపజేస్తాయి, అందుకే మసాలా పట్టిన కూర ఎక్కువ రుచి నిలుపుకుంటుంది.

వాడేటప్పుడు ఆ పూటకు కావలసినంతే బయటికి తీసి, ముక్క లోపలి దాకా పొగలు వచ్చేలా వేడి చేయాలి. పులుసు సంగటికి సరిపోతుంది. ముక్కలను ఎముక నుంచి వేరుచేసి చిన్నగా చీల్చి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపతో నూనెలో వేయించితే దోశ మీద కారానికి బదులు పరుచుకోవచ్చు. అలా పరిచిన ముక్కల్లో మిగిలినవి మళ్లీ ఫ్రిజ్‌లోకి పోకుండా ఆ పూటే అయిపోవాలి.